చెలమ పక్కన ఆకుపచ్చ టోపీ

నల్లమల అడవిలో ఎద్దులవాగు అని ఒక వాగుంది. ఉంది అనడం కంటే ఉండేది అనడమే నిజం. మూడేళ్లుగా వానలు ముఖం చాటేయడంతో ఆ వాగు శివరాత్రి రాకముందే ఎండిపోయి ఇసక తేలుతోంది. ఎగువన కొండ తొలిచి రోడ్డు వేశాక మేడిచెట్ల తోపు అవతల పడింది, కొండముచ్చుల మంద ఇవతల మిగిలింది. పళ్ల మీద ఆశతో రోడ్డు దాటబోయిన రెండు కొండముచ్చులు లారీ కింద పడ్డాక మూడోది ఆ సాహసం చెయ్యలేదు. ఇప్పచెట్లు పూయాల్సిన నెలలో పూయడం మానేశాయి.

అంచేత ఆ మందకి మిగిలిన ఆధారమల్లా అడవిపందులు ఇసకలో తవ్విపెట్టిన ఒక చెలమ, దాని ఒడ్డున నాలుగు రేగుపొదలు. చెలమలో దోసెడు నీళ్లు ఊరేవి. పొదల కింద రేగుపళ్లు రాలి ఉండేవి. రెండూ నేల మీదే. చుట్టూ నిలువెత్తు గడ్డి. చెట్ల మీద బతికే జాతికి నేల మీద వడ్డించడం కన్నా పెద్ద వేళాకోళం ఆ దేవుడికైనా తోచదు. ఆ గడ్డిలో చిరుతపులి పడుకుంటే దాని పక్కనే నడిచినా తెలియదు మరి.

అందుకే కాపలా. చెలమ ఒడ్డున ఉన్న నల్లమద్దిచెట్టు చిటారుకొమ్మ మీద గవరయ్య అనే ముసలి కొండముచ్చు కూర్చునేవాడు. వాళ్ల నాన్న కూర్చున్న కొమ్మే అది. గడ్డి ఒక పక్కకి వంగిందంటే అది గాలికా, చిరుతకా అని చెప్పగల కన్ను గవరయ్యది. గాలికి కాదనిపిస్తే చాలు, "ఖఖ్ఖర్!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి మందంతా చెట్లెక్కేది. కింద మేస్తున్న దుప్పులు కూడా ఆ కేక నమ్ముకునే బతికేవి. గవరయ్యకి పెళ్లాం లేదు, పిల్లల్లేరు. చనిపోయిన అక్క కూతురు సింగారి ఒక్కతే ఉంది. దాన్నే పెంచుకున్నాడు.

మూడేళ్ల కిందట ఆ చెలమ దగ్గరికి ఒక మనిషి పిల్ల వచ్చింది. పట్నంలో పెద్ద చదువులు చదివేదట. అడవి మారిపోతుంటే కొండముచ్చులు ఏం తింటున్నాయి, ఎంత దూరం నడుస్తున్నాయి, ఎలా నెట్టుకొస్తున్నాయి అని చూసి రాసుకోవడం ఆమె పని. పేరు సంపూర్ణ. కొండముచ్చులు మాత్రం రాతమ్మ అన్నాయి, ఎప్పుడు చూసినా రాస్తూనే ఉండేది గనక.

మొదట్లో రాతమ్మ కనిపిస్తే గవరయ్య గొంతు చిరిగేలా అరిచేవాడు. మంద ఆమడ దూరం పారిపోయేది. రాతమ్మ విసుక్కోలేదు. రోజూ అదే ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, అదే రాయి మీద కూర్చునేది. గడ్డిలో ఆమె మునిగిపోయి టోపీ ఒక్కటే పైకి కనిపించేది. వచ్చే ముందు నాలుకతో రెండుసార్లు "టక్ టక్" అనేది, నేనే వస్తున్నాను భయపడొద్దు అన్నట్టు. పండు విసరలేదు, బిడ్డని ముట్టుకోలేదు, ఎవరి కళ్లలోకీ సూటిగా చూడలేదు. వాటి బతుకులో వేలు పెట్టకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమం ఆమె ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆరునెలలకి గవరయ్య అరవడం మానేశాడు. ఏడాదికి ఒక సంగతి కనిపెట్టాడు. ఆమె కూర్చున్నంతసేపూ చిరుత ఆ చుట్టుపక్కలకి రావడం లేదు. చిరుతకి మనిషి వాసన పడదు. గవరయ్య ఈ సంగతి మందకి చెప్పిన రోజు పండగే. టోపీ కనిపిస్తే దిగడం, టోపీ లేకపోతే దిగకపోవడం. అంతే లెక్క. మందలో ఎవరూ చావలేదు ఆ ఏడాది. గవరయ్యకి పెద్దరికం పెరిగింది, మీసాలుంటే మెలేసేవాడే.

ఒకరోజు చుక్కమ్మ అనే ముసలి దుప్పి మద్దిచెట్టు కింద నిలబడి పైకి చూసింది.

"గవరయ్యన్నా, ఒక మాటంటే కోపం రాదు గదా?"

"చెప్పు చెల్లీ."

"ఈ మధ్య నువ్వు గడ్డి వైపు చూడ్డం లేదు. ఆ టోపీ వైపే చూస్తన్నావు."

"టోపీ ఉన్న చోటికి చిరుత రాదు చుక్కమ్మా. ఇంకా గడ్డిని చూసేదేంది?"

"టోపీ పోయిన రోజు?"

"పోదు. మూడేళ్లయింది, ఒక్కరోజన్నా మానిందా? జొరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వచ్చింది."

"మనిషి గదన్నా. మనిషికి ఇల్లుంటది. ఇల్లున్నోళ్లు ఎప్పటికైనా ఇంటికి పోతారు."

గవరయ్య నవ్వేశాడు. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తల కొమ్మకేసి కొట్టుకున్నాడో లెక్కలేదు.

ఇదంతా మోదుగపొద చాటునుంచి ఇంకొకడు కూడా చూస్తున్నాడు. జంబులయ్య అనే నక్క. చిరుత తిని వదిలేసిన ఎముకలే వాడి బతుకు. చిరుత ఈ దిక్కుకి రావడం మానేశాక వాడి డొక్కలు వీపుకి అంటుకున్నాయి. అందుకని వాడు కూడా కొండముచ్చుల మీద పరిశోధన మొదలుపెట్టాడు. రాతమ్మకి నోటుపుస్తకం ఉంది, వాడికి ఆకలి ఉంది. మంద ఎప్పుడు దిగుతుంది, ఎవరు ముందు దిగుతారు, గవరయ్య దేన్ని చూసి "దిగండి" అంటాడు, అన్నీ చూశాడు. రాతమ్మ మూడేళ్లలో రాసుకున్నది వాడు పదిరోజుల్లో పట్టేశాడు.

రాతమ్మ చదువు గడువు అయిపోయింది. ఒక పొద్దున డేరా విప్పి, పెట్టెలు జీపుకెక్కించింది. వెళ్లేముందు చెలమ దగ్గరికి వచ్చి కాసేపు నిలబడింది. కళ్లు తుడుచుకుంది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది గానీ, కొండముచ్చుకి "ఇక రాను" అని ఏ భాషలో చెప్పాలి? ఆ రోజు నెత్తిన టోపీ లేదు. పొద్దున్నే ఉతికి డేరా తాడు మీద ఆరేస్తే ఎవరో ఎత్తుకుపోయారు. ఎవరో ఏంటి, జంబులయ్యే.

అదే రోజు మధ్యాహ్నం జంబులయ్య టోపీ నోట కరుచుకుని కొండ అవతల గుహకి పోయి, చిరుత ముందు పెట్టాడు. అక్కడ జరిగిన మాటలు గవరయ్యకి ఒక పాలపిట్ట చెప్పింది. అయితే చాలా రోజుల తర్వాత చెప్పింది.

"ఏంది రా ఇది?" అంది చిరుత ముక్కు ముడుచుకుని. "మనిషి కంపు కొడతంది."

"మనిషి పోయింది దొరా. కంపొక్కటే మిగిలింది. కంపు కరవదు గదా."

"అయితే ఏంది? మద్దిచెట్టు మీద గవరయ్య ఉన్నాడు. నా తోక కదిలితే కొండంతా వినపడేటట్టు అరుస్తాడు."

"గవరయ్య ఇప్పుడు తమర్ని చూడ్డం లేదు దొరా, దీన్ని చూస్తన్నాడు. ఇది కనపడితే చాలు, కళ్లు మూసుకుని దిగండి అంటాడు. నేను దీన్ని రాయి మీద పెడతాను. తమరు ఎదురుపక్క గడ్డిలో పడుకోండి. అంతే పని."

"నీకేంది?"

"తల, పేగులు. తమరు పారేసేదే దొరా. నేను పెద్ద కోరికలున్నోణ్ణి కాదు."

చిరుత టోపీని పంజాతో పక్కకి నెట్టి, "మూడు రోజులాగు," అంది. "వాళ్ల గొంతులు బాగా ఎండనీ."

మూడు రోజులూ బాగానే ఎండాయి. టోపీ రాలేదు కాబట్టి మంద దిగలేదు. మద్దిచెట్ల మీద ముదురాకులు నమిలి నమిలి నాలుకలు పిడచగట్టాయి. సింగారికి ఇరవైరోజుల బిడ్డ. ఇంకా నల్లటి నూగే తప్ప రంగు తిరగలేదు. బిడ్డ రొమ్ము పట్టి లాగి లాగి ఏడుస్తోంది.

"మావా, పాలు రావడం లేదు," అంది సింగారి మూడోరోజు. "ఒక్కసారి దిగి గుక్కెడు నీళ్లు తాగొస్తా. నువ్వు గడ్డిని చూస్తా ఉండు."

"వద్దమ్మా. రాతమ్మ రాలేదు."

"రాతమ్మ రాకముందు దిగలేదా? నువ్వు కాపలా ఉంటే దిగేవాళ్లం కాదా? మా అమ్మ దిగేది గదా."

గవరయ్య గడ్డి వైపు చూశాడు. అది కదిలింది. గాలికా? కాదా? ఒకప్పుడు తడుముకోకుండా చెప్పేవాడు. ఇప్పుడు కళ్లు చిట్లించి ఎంత చూసినా తెలియలేదు. రెండేళ్లుగా చూడని కన్ను ఆ పని మరిచిపోయింది. ఆ సంగతి సింగారికి చెప్పడానికి సిగ్గేసింది.

"రేపు వచ్చిద్దిలే తల్లీ," అన్నాడు. "రేపు తప్పకుండా వచ్చిద్ది."

నాలుగోరోజు ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి రాయి దగ్గర గడ్డిలో ఆకుపచ్చ టోపీ కనిపించింది.

మందంతా ఒక్కసారి కిచకిచలాడింది. పిల్లలు అప్పుడే కింది కొమ్మలకి జారారు. గవరయ్య కూడా సంతోషంతో లేచి నిలబడ్డాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఆగండి. టక్ టక్ అని ఎవరికన్నా వినపడిందా?"

ఎవరికీ వినపడలేదు.

సరిగ్గా అప్పుడు జంబులయ్య కుంటుకుంటూ, ఎటో పోతున్నవాడిలా చెట్టు కిందికి వచ్చాడు.

"ఏం బావా, రాతమ్మ వచ్చినా ఇంకా పైనే కూర్చున్నారు? అలిగారా?"

"టక్ టక్ అనలేదు," అన్నాడు గవరయ్య.

"ఏమంటది పాపం! జలుబు చేసి గొంతు పట్టేసింది. మూడు రోజులు డేరాలో దగ్గుతానే ఉంది. నేను చాటునుంచి చూశా గదా. ఇవ్వాళ కూడా ఓపిక లేకపోయినా మీ కోసమే వచ్చింది. మీరేమో సాక్ష్యాలు అడుగుతున్నారు."

పొద చాటునుంచి చుక్కమ్మ తల బయటపెట్టింది. "అన్నా, ఆ టోపీ కదలడం లేదు. రాసేటప్పుడు తల ఊగిద్ది గదా."

"జలుబు చేసిన మనిషి తల ఏం ఊపిద్ది చుక్కమ్మా?" అన్నాడు జంబులయ్య. "నీకు భయమైతే నువ్వు పో. వాళ్ల బిడ్డ నోట్లో మట్టి కొట్టకు."

ఆ మాటతో అందరూ సింగారి వైపు చూశారు. బిడ్డ ఏడవడం కూడా మానేసింది. నోరు తెరుచుకుని, కళ్లు సగం మూసి వేలాడుతోంది.

"మావా," అంది సింగారి.

గవరయ్య టోపీ వైపు చూశాడు. అది రాతమ్మ టోపీయే, సందేహం లేదు. అంచున ముళ్లకంపకి తగిలి చిరిగిన చోటు కూడా కనిపిస్తోంది. అయినా టక్ టక్ లేదు, తల ఊగడం లేదు, చెప్పేవాడు నక్క. ఇన్ని తెలిసి కూడా ఎందుకు దిగమన్నాడంటే, దిగొద్దంటే ఆ తర్వాత గడ్డిని తనే చూడాలి. అది తనకి చేతకాదని తన ఒక్కడికే తెలుసు. టోపీని నమ్మకపోతే తన కన్నుని నమ్మాలి. టోపీయే నయమనిపించింది.

"దిగండి," అన్నాడు.

సింగారి అందరికన్నా ముందు దిగింది. బిడ్డని పొట్టకి కరిపించుకుని ఇసక మీద పరుగెత్తి, చెలమలో మూతి పెట్టింది. గవరయ్యకి పైనుంచి ఆమె వీపు కనిపిస్తోంది. గుటకలు పడుతుంటే వీపు చిన్నగా కదులుతోంది. తాగు తల్లీ, కడుపునిండా తాగు అనుకున్నాడు. అలా అనుకుంటూ, రెండేళ్ల అలవాటు ప్రకారం టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

టోపీకి ఎదురుపక్క గడ్డి వంగింది.

చుక్కమ్మ కాళ్లు నేలకేసి కొట్టి ఒక అరుపు అరిచింది. అప్పుడు తిప్పాడు గవరయ్య తల. చిరుత అప్పటికే గాల్లో ఉంది. "ఖఖ్ఖర్" అనడానికి నోరు తెరిచాడు. రెండేళ్లుగా వాడని గొంతు. మొదట గాలి వచ్చింది, తర్వాత కేక వచ్చింది. ఆ కేకకి మిగతా మంద చెట్లెక్కింది. వేళకి ఆ కేక అందనిది ఒక్క సింగారికే.

కొండముచ్చు బిడ్డకి పుట్టగానే తల్లి నేర్పేది ఒక్కటే, ఏం జరిగినా పట్టు వదలొద్దని. సింగారి బిడ్డ మంచి బిడ్డ. చిరుత తల్లిని ఈడ్చుకుంటూ గడ్డిలోకి పోతుంటే కూడా అది పట్టు వదల్లేదు.

జంబులయ్య సంతోషంగా వెనకాలే పరుగెత్తాడు. చిరుత వెనక్కి తిరిగి ఒక్క పంజా విసిరింది. "కరువు రోజులు రా. ఎముక కూడా నేనే తింటా," అంది. నక్కకి ఒక చెవి పోయింది, దక్కింది టోపీ ఒక్కటే. ఆకలికి దాన్నే సగం నమిలి ఉమ్మేశాడు. ఆ సంగతి విన్నాక కూడా మందలో ఎవరి మనసూ చల్లబడలేదు.

ఆ తర్వాత చుక్కమ్మ మద్దిచెట్టు కిందికి మళ్లీ రాలేదు. వెళ్లేముందు ఒక్క మాట అంది.

"నీ కేక నమ్ముకుని మా అమ్మ బతికింది అన్నా, నేను బతికాను. నా పిల్లల్ని మాత్రం నీ కింద మేపలేను."

ఆ రోజునుంచి గవరయ్యకి గడ్డి వంగితే కేక, ఎండుటాకు పడితే కేక, పిట్ట ఎగిరితే కేక. రోజుకి వందసార్లు అరిచేవాడు. మొదటి రెండు రోజులు మంద పరుగులు పెట్టింది. తర్వాత ఎవరూ తల కూడా ఎత్తలేదు. దిగడానికి ధైర్యం లేదు, దిగకపోతే నీళ్లు లేవు. ఎండాకాలం ముగిసేసరికి ఇరవయ్యారు ఉన్న మంద పదకొండయింది. కొన్ని చెట్ల మీదే వాడిపోయి రాలాయి. కొన్ని రోడ్డు దాటబోయాయి.

ఆషాఢంలో రెండు జల్లులు పడ్డాయి. ఒక ఉదయం వాగు మలుపు దగ్గర చప్పుడు వినిపించింది.

టక్ టక్.

గవరయ్య వెన్ను నిటారుగా అయింది. మంద ఎలా ఉందో ఒకసారి చూసి పోదామని, కొత్త టోపీ పెట్టుకుని, భుజాన సంచితో రాతమ్మ వస్తోంది. టోపీ కాదు, మనిషే. తల ఊగుతోంది. మొహం ఎండకి నల్లబడింది. చెట్ల మీదికి చూస్తూ, ఎవరెవరున్నారా అని ఆత్రంగా వెతుకుతోంది. తన రాయి దగ్గర ఆగి, గడ్డిలోంచి సగం నమిలిన పాత టోపీని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. అది అక్కడికెలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ పైకి చూసి, నవ్వుతూ "టక్ టక్" అంది.

ఆమే అని గవరయ్యకి తెలుసు. చెట్టు దిగి, ఆమె ఎదురుగా కూర్చుని, ఎందుకు వెళ్లావు తల్లీ, వెళ్లేదానివి మమ్మల్ని పాతభయంతోనే ఎందుకు ఉండనివ్వలేదు అని అడగాలనిపించింది. కానీ ఆమే అని ఆ రోజు కూడా తెలుసనుకున్నాడు గదా. ఈ కన్ను అవునంటే ఇంకెప్పుడూ నమ్మకూడదనుకున్నాడు.

"ఖఖ్ఖర్!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

ఈసారి మందకి కింద నిజంగానే ఎవరో కనిపించారు. గవరయ్య తప్ప మిగతా పదీ ఒక్కసారిగా ఎగువకి, రోడ్డు వైపుకి పరుగుతీశాయి. రాతమ్మ ఒంటరిగా చెలమ దగ్గర నిలబడిపోయింది. చాలాసేపు ఎదురుచూసి, నోటుపుస్తకం తెరిచి ఒక ముక్క రాసుకుంది. "మంద మనుషుల అలవాటు పూర్తిగా మరిచిపోయింది. సంఖ్య సగానికన్నా తగ్గిపోయింది. కారణం తెలియదు."

చిటారుకొమ్మ మీద గవరయ్య ఒక్కడే మిగిలాడు. ఎగువన రోడ్డు మీద లారీ హారను మోగుతోంది. అతను ఆ వైపు చూడలేదు. చూసినా తన కన్ను చెప్పేది నమ్మడు.

కాపలా కూర్చున్నవాడు వెతకాల్సింది అయినవాళ్లు వచ్చారా అని కాదు, కానివాళ్లు ఎక్కడున్నారా అని.